ఒక ట్రాక్టరు ఇసుక

ఆ పొద్దు రాజేశ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మోటరు వైండింగ్ దుకాణం కాస్త ఆలస్యంగా తెరవాలి, ఒక తట్టెడు శుభ్రమైన ఇసుక తేవాలి, దాన్ని కూతురు ముందు పెట్టి పక్కన నోరు మూసుకుని కూర్చోవాలి. ఇంత చిన్న పనికి ఊరంతా కదిలి వస్తుందని అతనికే కాదు, ఆర్మూరులో ఇంకెవరికి చెప్పినా నమ్మేవాళ్లు కాదు.

కూతురు దీక్షితకు ఏడేళ్లు. పోయిన వానాకాలంలో దాని తల్లి యమున డెంగీ జ్వరంతో నిజామాబాదు దవాఖానలో కన్నుమూసింది. ఆ తర్వాత పిల్లకు మాట తగ్గుతూ వచ్చి, దసరా నాటికి పూర్తిగా ఆగిపోయింది. చెవులు బాగున్నాయి, గొంతు బాగుంది, బడిలో రాసే రాత కూడా బాగుంది. మాట ఒక్కటే లేదు. నాలుక మీద తేనె రాయమన్న వాళ్లు రాయించారు, తాయెత్తు కట్టమన్న వాళ్లు కట్టించారు. వెనక నుంచి హఠాత్తుగా భయపెడితే అదే అరుస్తుందన్న మేధావులు కూడా ఒకరిద్దరు వచ్చి, అలాగే భయపెట్టి, పిల్ల అరవకుండా నీళ్లు నిండిన కళ్లతో చూస్తే సిగ్గుపడి వెళ్లిపోయారు.

ఆ ఇంట్లో ఇప్పుడు ఆడదిక్కు లేదు. రాజేశ్ తల్లి ఏనాడో పోయింది. అతనూ, తండ్రి గంగాదాసూ, ఈ పిల్లా. రాజేశ్ వంట నేర్చుకున్నాడు, జడ వేయడం నేర్చుకున్నాడు. మోటరుకు రాగితీగ చుట్టే చేతులు కదా, జడ కూడా అంత బిగువుగానే చుట్టేవాడు. పిల్ల కనుబొమలు పైకి గుంజుకుపోయేవి. అయినా అది నొప్పి అనేది కాదు. అనకపోవడం చూసి అతనికి ఏడుపొచ్చేది.

దొంకేశ్వర్ నుంచి యమున తల్లి నీలవ్వ వచ్చిన ప్రతిసారీ ఒకే మాట చెప్పి పోయేది. "యేడాది మాసికం దాక సూస్త. గప్పటికి నా మనుమరాలు నోరు తెరువకుంటే నేను తీస్కపోత. ఇద్దరు మొగోల్లు గా పసిదాన్ని ఏం సాదుతరు?" ఆమె మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. రాజేశ్‌కు భయమూ అందుకే. భార్య పోయింది, ఇక మిగిలింది ఈ పిల్లే. దీన్ని కూడా పంపేసి ఆ ఇంట్లో ఎవరి కోసం పొయ్యి వెలిగించాలో అతనికి తెలియదు.

చివరికి ఎవరో చెబితే నిజామాబాదులో పిల్లల కౌన్సిలర్ అనూహ్య దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె గదిలో లోపల నీలం రంగు వేసిన ఒక ట్రే, దాన్నిండా ఇసుక, పక్కనే చిన్న చిన్న బొమ్మలు ఉన్నాయి. దీక్షిత ఇసుకలో రెండు చేతులూ పెట్టి, వెళ్లే వేళయ్యేదాకా తీయలేదు. "ఇంటి దగ్గర కూడా పెట్టండి," అంది అనూహ్య. "నోటితో చెప్పలేనిది పిల్లలు ఒక్కోసారి చేతులతో చెబుతారు. మీరు పక్కన ఉండాలి, అంతే. ఇదేంటి అని అడగొద్దు, సరిచేయొద్దు, శభాష్ అని కూడా అనొద్దు. ఆడుతున్నంతసేపు మీరు మాట్లాడొద్దు. మధ్యలో లేపొద్దు. కట్టినదాన్ని చెరపొద్దు." రాజేశ్ మెకానిక్కు. కంపెనీవాళ్లు మోటరుతో ఇచ్చే కాగితంలో ఏముంటే అది తు.చ. తప్పకుండా చేసే రకం. ఇదీ అలాగే బుర్రకెక్కించుకున్నాడు.

అతను చేసిన పొరపాటల్లా, పళ్లు తోముకుంటూ తండ్రికి ఆ సంగతి చెప్పడం. "బాపూ, పిల్లకు ఇసుక కావాలె. డాక్టరమ్మ చెప్పింది. దాంట్ల ఆడుకుంటే మాట వస్తదట."

"మంచిదే కదరా! మేం గూడ ఇసుకలనే అ ఆలు దిద్దినం," అన్నాడు గంగాదాస్ సంబరంగా. "నువ్వు తానం చెయ్యి. నేను చూస్కుంట."

గంగాదాస్ జీవితమంతా పసుపు పండించినవాడు. పెంట కొన్నా ట్రాలీ లెక్క, పసుపు అమ్మినా క్వింటాలు లెక్క. తట్టెడు అనే కొలత ఒకటి లోకంలో ఉందని ఆయనకు తట్టదు. ట్రాక్టరు వంశీకి ఫోను కొట్టాడు. రాజేశ్ స్నానం చేసి తల తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి గేటుకు అడ్డంగా, అతని భుజమెత్తున ఇసుక కుప్ప ఉంది. వంశీ ట్రాలీ దించుకుని, పర్మిటు కాగితం కూడా చేతిలో పెట్టి పోయాడు.

"బాపూ, నేను తట్టెడు అన్న!"

"తట్టల లెక్క ఇసుక ఎవడమ్ముతడురా? పిల్ల ఆడుకుంటది అన్నవు గద. మంచిగ ఆడుకోనీ," అన్నాడు గంగాదాస్. మనవరాలికి తక్కువ చేయలేదన్న తృప్తి ఆయన ముఖంలో కనబడుతోంది.

ఎదురింటి తలుపు అప్పుడే తెరుచుకుంది. ఆ ఇల్లు లక్ష్మీనర్సయ్యది. పసుపు మార్కెట్లో కమీషన్ ఏజెంటు. పసుపు ధర ఆయనకు ఒకపూట ఆలస్యంగా తెలిస్తే తెలియవచ్చు గానీ, వీధిలో సంగతి ఆలస్యంగా తెలియడం ఆయన భరించలేడు.

"ఏంది గంగన్నా, గీ ఇసుక?"

నిజం చెప్పేయవచ్చు. కానీ గంగాదాస్‌కు ఆ క్షణంలో ఊరి నోరు గుర్తొచ్చింది. మనసు డాక్టరు అంటే పిచ్చి డాక్టరు అంటారు. పిల్లకు పిచ్చి అంటారు. ఒకసారి ఆ మాట అంటుకుంటే, పసుపు మరకైనా ఉతికితే పోతుంది గానీ అది పోదు. అందుకని, "ఏం లేదు సేటూ, పైన ఒక రూము ఏద్దామని," అనేశాడు.

లక్ష్మీనర్సయ్య బుగ్గన వేలు పెట్టుకున్నాడు. "యేడాది తిరుగకముందేనా?"

చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పునాది తవ్వరు, ముగ్గు పోయరు, శుభం మాట ఎత్తరు. ఆ సంగతి గంగాదాస్‌కు తెలియక కాదు, తొందరలో తోచలేదు. ఒక అబద్ధం ఆడినవాడికి దానికి ఆసరాగా ఇంకోటి ఆడక తప్పదు. "అవసరం పడ్డది సేటూ," అన్నాడు గొంతు తగ్గించి.

ఉన్నది ముగ్గురు మనుషులు, ఇంట్లో గదులు మూడు. ఇంకో గది అవసరం ఎందుకు పడుతుంది? పెళ్లాం పోయిన కొడుకు, వయసులో ఉన్నవాడు, ఏడాది కూడా ఆగలేని అవసరం. లక్ష్మీనర్సయ్యకు లెక్క తేలిపోయింది. "అట్లనా? మంచిదే, మంచిదే. ఎన్నడైన చెయ్యాల్సిందే గద," అని గంగాదాస్ భుజం తట్టి లోపలికి పోయాడు. సేటు అన్నది గది కట్టడం గురించేననుకుని గంగాదాస్ తల ఊపాడు.

ఈలోపు దీక్షిత బయటికి వచ్చింది. గేటు దగ్గర నిలబడి కుప్పను చూసింది, తండ్రిని చూసింది, చెప్పులు విడిచి కుప్ప పక్కన చతికిలబడింది. ఆట మొదలైందని రాజేశ్‌కు అర్థమైంది. తల తుడుచుకున్న తువ్వాల మెడలో ఉండగానే ఇసుకకు కాస్త దూరంలో గోడకానుకుని కూర్చుని, ఫోను బందు పెట్టేసి, నోరు మూసుకున్నాడు.

పిల్ల కుప్ప అంచును చేత్తో చదును చేసి, పొడుగ్గా, చివర ఒక మలుపుతో దారి చేసింది. ఇంట్లోంచి స్టీలు గ్లాసు తెచ్చి, తడి ఇసుక నింపి, దారికి రెండు వైపులా ఇళ్లు బోర్లించింది. ఆ తర్వాత ఏదో వెతుకుతున్నట్టు చుట్టూ చూసింది. బొమ్మలు కావాలని గంగాదాస్‌కు అర్థమైంది. ఇంట్లో బొమ్మలు లేవు గానీ పసుపుకు లోటు లేదు. సంచీలోంచి దోసెడు ఎండిన కొమ్ములు తెచ్చి మాట్లాడకుండా పక్కన పోశాడు. పిల్ల ఒక్కొక్క కొమ్మునూ ఏరి, దారి మీద మనుషుల్లా నిలబెట్టడం మొదలుపెట్టింది.

అప్పుడు దిగాడు మేస్త్రీ భూమేష్, చేతిలో దారపు ఉండా టేపూ పట్టుకుని. "ఏంది పటేలా, నాకు ఒక్క మాట చెప్పొద్దా? సేటు చెప్పవట్టి తెల్సింది. ఇంట్ల నుంచి మెట్లు ఏద్దామా, బయట నుంచి ఏద్దామా? కొత్త జంటన్నంక బయట నుంచే మంచిగుంటది."

"ఏ కొత్త జంట?" అని గంగాదాస్ అడిగేలోపే భూమేష్ గోడ కొలవడానికి వెనక్కి పోయాడు. కొలిచి వచ్చి, ఇసుకకు దిష్టి తగలకుండా గడ్డితో చేసిన ఒక బొమ్మను కుప్ప కొసన గుచ్చాడు. దానికి మీసాలు కూడా ఉన్నాయి.

లక్ష్మీనర్సయ్య భార్య వసుమతి చాటలో బియ్యం ఏరుకుంటూ వచ్చి రాజేశ్ పక్కన నిలబడింది. యమున పోయిన రోజు పిల్లను తన ఇంట్లో పెట్టుకున్నది ఆవిడే. ఆవిడ మనసు మంచిది. చెవి దగ్గరికి వంగి, "నిజమేనా బిడ్డా, చేస్కుంటున్నవట?" అని అడిగింది.

పిల్ల ఆడుతోంది. మాట్లాడకూడదు. రాజేశ్ పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

"అయ్యో, నేనెవ్వరికి చెప్ప," అంది వసుమతి. "పిల్లకు ఇష్టమేనా మరి?"

రాజేశ్ ఆ ప్రశ్న వినలేదు. ఎందుకంటే అప్పుడే దీక్షిత ఎర్ర గుడ్డపీలిక ఒకటి తెచ్చి, అన్నిటిలోకి అందమైన కొమ్మును ఏరి, దానికి చీరలా చుట్టింది. గుమ్మానికున్న కుంకుమ వేలితో తెచ్చి అద్దింది. బంతిపూల రెక్కలు చల్లింది. రెండు ఐస్‌క్రీం పుల్లల మీద ఆ కొమ్మును ఎక్కించి, దారి మొదట్లో పెట్టింది. ముందు రెండు సీసా మూతలు బోర్లించింది, అవి డప్పులు. అన్నిటినీ మెల్లగా జరుపుతూ మలుపు దాకా తెచ్చి ఆపింది. ఎన్నో నెలల తర్వాత పిల్ల చేతులు అంత శ్రద్ధగా కదులుతుంటే చూస్తూ రాజేశ్ నవ్వాడు. నవ్వుతుంటే కళ్లవెంట నీళ్లు కారాయి.

వసుమతికి ఇంకేం కావాలి? తండ్రి చెప్పలేకపోతున్నాడు, కూతురు ఆటలో చూపిస్తోంది. ఎర్రచీర పెళ్లికూతురు, పల్లకి, పూలు, ముందు బాజాలు. ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుని ఇంట్లోకి పరుగెత్తింది. "ఏమయ్యా, పిల్ల సుత ఒప్పుకున్నది. పెండ్లి బారాత్ ఆడుతున్నది. గా మలుపు కాడ బారాత్ ఆపింది సూడు, డ్యాన్సుల కోసం. గింతున్నది గానీ ఎంత తెలివి!"

లక్ష్మీనర్సయ్య ఆ కబురు జేబులో వేసుకుని మార్కెట్‌కు పోయాడు. బయలుదేరినప్పుడు అది ఒట్టి పెళ్లి. మార్కెట్ గేటు దగ్గరికి వచ్చేసరికి పెళ్లికూతురిది ముప్కాల్ ఊరు అయింది. తూకం దగ్గర ఆమె టీచరు అయింది. వేలం అయ్యేసరికి ఉగాది దాటిన వారమే ముహూర్తమని కూడా తేలింది. వీటిలో ఏ ఒక్కటీ లక్ష్మీనర్సయ్య చెప్పలేదు, ఎవరైనా అడిగితే కాదని మాత్రం అనలేదు.

ఆ రోజు ఆయన కొట్లో పసుపు దించిన రైతుల్లో దొంకేశ్వర్ జగన్ ఒకడు. యమున తమ్ముడు. ఆ కబురు అతని చెవిన పడనే పడింది. జగన్ వెంటనే బావకు ఫోను చేశాడు. బందు. మళ్లీ చేశాడు. బందు. తప్పు లేనివాడు ఫోను ఎందుకు బందు పెడతాడు? తల్లికి చేశాడు.

ఇక్కడ వీధిలో టెంటు హౌసువాడు వచ్చి పోయాడు. సిమెంటు కొట్టువాడు అడగకుండానే బస్తాలు దించి పోయాడు. గంగాదాస్ ఒక్కొక్కరికీ "ఇప్పుడే కాదు, ఇప్పుడే కాదు" అని చెబుతూ గేటు దగ్గర చెమటలు తుడుచుకుంటున్నాడు. "కాదు" అని ఉంటే ఇంత జరిగేది కాదు. "ఇప్పుడే" అనే మాట కలపడంతో అందరికీ ధైర్యం వచ్చింది. రాజేశ్ మాత్రం కదల్లేదు. మధ్యాహ్నం ఎండ నెత్తిమీదికి వచ్చింది, కాళ్లు తిమ్మిరెక్కాయి. పిల్ల లేవలేదు కాబట్టి తానూ లేవలేదు. ఊరేగింపు మలుపు దగ్గర ఆగే ఉంది. ఎర్రచీర కొమ్మును పిల్ల పుల్లలతో సహా నేల మీదికి దించి, చుట్టూ మిగతా కొమ్ములను వంచి పెట్టి, ఆ తర్వాత ఏం చేయాలో తెలియనట్టు చాలాసేపు అలాగే చూస్తూ కూర్చుంది.

పొద్దు వాలుతుండగా ఆటో వచ్చి ఆగింది. నీలవ్వ దిగింది. వెనక జగన్.

"ఏడున్నడు పెండ్లికొడుకు?" ఆ గొంతుకు వీధిలో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. "నా బిడ్డ కట్టెలు సల్లారలే! గప్పుడే ఇంకోదాన్ని తెస్తరా? యేడాది ఆగకపోతిరా అన్నా, ఒక్క యేడాది!"

"చెల్లే, ఏం పెండ్లి? ఎవని పెండ్లి?" గంగాదాస్ బిత్తరపోయాడు.

"మరి గీ ఇసుకేంది? గీ సిమెంటేంది? మేస్త్రెందుకొచ్చిండు?"

ఇక లాభం లేదని గంగాదాస్ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "ఒట్టు చెల్లే. ఇసుక పిల్ల కోసం. ఆడుకుంటె మాట వస్తదని డాక్టరమ్మ చెప్పింది."

వీధిలో ఒక్కరు కూడా నమ్మలేదు. అబద్ధమాడినా అతికినట్టుండాలి అంటారు. పొద్దున ఆడిన అబద్ధం ఎంత బాగా అతికిందంటే, ఇప్పుడు చెప్పిన నిజానికి అతుక్కునే చోటే లేకుండా పోయింది. "ఆడుకోనీకి ట్రాక్టరు ఇసుకనా?" అన్నాడు జగన్. "రూమని నువ్వే అంటివి గద పటేలా," అన్నాడు భూమేష్ పాపం, తన వంతు సాయంగా.

"బావా, నువ్వన్న చెప్పు!" జగన్ రాజేశ్ మీదికి వచ్చాడు.

రాజేశ్ లేవబోయాడు. తిమ్మిరెక్కిన కాళ్లు నిలవక మళ్లీ కూలబడ్డాడు. పిల్ల ఇంకా ఇసుకలోనే ఉంది. చేతులు జోడించి, తల అడ్డంగా ఊపాడు. మాట్లాడవద్దని అతను వేడుకుంటున్నాడు, తప్పు ఒప్పుకుంటున్నాడని వీధి అనుకుంది.

వసుమతి గొడవ చల్లార్చాలని ముందుకొచ్చింది. "కోపం చెయ్యకు నీలక్కా. పిల్లకు సుత ఇష్టమే. పొద్దటిసంది పెండ్లి ఊరేగింపే ఆడుతున్నది, సూడు."

ఆ మాటతో నీలవ్వ ముఖం మాడిపోయింది. "నా మనుమరాలికి గివన్ని నేర్పిచ్చిన్రా? ఇగ ఒక్క గడియ ఈడ ఉంచ. నడువు బిడ్డా, మనూరికి పోదాం," అంటూ ఇసుకలోకి అడుగు వేసి పిల్ల రెక్క పట్టుకోబోయింది. ఆమె కాలి కింద ఇసుక జారి, చివరి ఇల్లు కూలింది.

"అమ్మమ్మా, తొక్కకు! అమ్మను తీస్కపోతున్నరు!"

గొంతు బొంగురుగా ఉంది, చాలాకాలం మూసి ఉంచిన తలుపు తీసినప్పటి చప్పుడులా ఉంది. అది ఎవరి గొంతో వీధికి వెంటనే తెలియలేదు. నీలవ్వ కాలు గాల్లోనే ఆగిపోయింది.

అప్పుడు అందరూ ఇసుకలోకి చూశారు. మొగుడు బతికుండగా పోయిన ఆడదాన్ని మన వైపు పెళ్లికూతురిలాగే సాగనంపుతారు. ఒళ్లంతా పసుపు, నుదుట కుంకుమ, ఎర్రచీర, తల నిండా పూలు, ముందు డప్పులు. ఆ రోజు యమునకు ఆ చీర కట్టింది నీలవ్వే. వసుమతి పొద్దుటి నుంచి చూసినదంతా నిజమే. అది ఏ ఊరేగింపో ఒక్కటే తప్పు చూసింది.

దీక్షిత వేలితో చూపించింది. "గిది బాపు. కుండ పట్టుకున్నడు. గిది తాత. గిది మామ. గిది నువ్వు అమ్మమ్మా, ఈడ కింద పడ్డవు."

రాజేశ్ నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు. అడిగింది గంగాదాసే. "నువ్వేడున్నవు బిడ్డా?"

ఒక గ్లాసు ఇంటి నెత్తిన చిటికెన వేలంత కొమ్ము ఒకటి ఉంది. పొద్దుటి నుంచి దాన్ని ఎవరూ గమనించలేదు. "ఆంటోల్ల బంగ్ల మీద. ఆంటీ టీవీ పెట్టి కిందికి పోయింది. నేను పైకెక్కి సూసిన."

వసుమతి తల తిప్పి ఎదురుగా ఉన్న తమ డాబా మీదికి చూసింది.

"అమ్మ దొంకేశ్వర్ పోయిందని చెప్పితిమి గద," అన్నాడు గంగాదాస్. చెప్పింది ఆయనే. పిల్లకు అలా చెబుదామని అందరికీ నచ్చజెప్పిందీ ఆయనే.

"మీరు గట్ల చెప్పిన్రు. అమ్మేది అని నేనడిగితే అందరు ఏడ్సిన్రు. బాపు బాత్రూంల నల్ల ఇప్పి ఏడ్సిండు. ఇగ అడుగలే." పిల్ల ఒరిగిన కొమ్మునొకదాన్ని సరిగా నిలబెట్టింది. "ఏం మాట్లాడినా అమ్మ మాటనే వస్తుండె. గందుకే ఏం మాట్లాడలే."

పిల్లకు తెలియకూడదని పెద్దవాళ్లు దాచారు. తనకు తెలుసని పెద్దవాళ్లకు తెలియకూడదని పిల్ల దాచింది. ఇన్ని నెలలూ ఆ ఇంట్లో ముగ్గురూ ఒకే శవాన్ని ఒకరికి కనబడకుండా ఒకరు మోస్తున్నారు. ఎంత తెలివిగలవాళ్లం మనం!

పిల్ల చెప్పడం ఆపలేదు. మలుపు దగ్గర దించిన ఎర్రచీర కొమ్మును చూపించింది. "గీడ అమ్మను దించిన్రు. బాపు చెవుల పిలిచిండు. అమ్మమ్మ పిలిచింది. మామ పిలిచిండు. గట్ల పిలిస్తే ఒక్కొక్కల్లు లేస్తరట, బళ్లె పిల్లలు చెప్పిన్రు. అమ్మ లెవ్వలే."

దాన్ని దింపుడు కల్లం అంటారు. శ్మశానానికి పోయే దారి మధ్యలో పాడెను దించి, అయినవాళ్లు చెవిలో పేరు పెట్టి పిలుస్తారు. పోయిన ప్రాణం అయినవాళ్ల గొంతు విని తిరిగొస్తుందేమోనని. తిరిగొచ్చినట్టు ఎవరూ చూడలేదు. పిలవడం మాత్రం ఎవరూ మానలేదు.

"నన్ను పిలువనియ్యలే," అంది దీక్షిత. "నేను పిలిస్తే లేసేది. రోజు పొద్దుగాల నేను పిలిస్తెనే గద లేసేది."

నీలవ్వ అక్కడే, ఇసుకలోనే కూలబడింది. జగన్ గోడవైపు తిరిగాడు. మాట వస్తే చాలు, అంతా బాగైపోతుందని ఇన్నాళ్లూ అందరూ మొక్కుకున్నారు. ఇప్పుడు వచ్చింది, దాన్ని వినే శక్తి ఎవరికీ లేదు.

గంగాదాస్ మనవరాలి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "పిలువు బిడ్డా. ఇప్పుడు పిలువు."

దీక్షిత రెండు చేతులూ ఇసుకలో ఆనించి, ఎర్రచీర కొమ్ము మీదికి వంగింది. "అమ్మా," అంది మెల్లగా. ఆగి చూసింది. "అమ్మా." మళ్లీ చూసింది. మూడోసారి గట్టిగా, బడికి ఆలస్యమవుతున్నప్పుడు పిలిచే పిలుపు పిలిచింది. "అమ్మా!"

ఆటో డ్రైవరు ఇంజను ఆపేశాడు.

"లెవ్వలే తాతా."

గంగాదాస్ పొద్దుటి నుంచి ఊరందరికీ అబద్ధం చెప్పాడు. అంతకుముందు ఎన్నో నెలలుగా ఈ పిల్లకు చెబుతూ వచ్చాడు. ఇంకొకటి చెప్పడం ఆయనకు కష్టం కాదు, నాలుక చివరిదాకా వచ్చింది కూడా. పిల్ల కళ్లెత్తి చూస్తోంది.

"లెవ్వదు బిడ్డా," అన్నాడు. "గప్పుడు నువ్వు పిలిచినా లేసేది కాదు. మేమందరం మస్తు గట్టిగ పిలిచినం. మీ అమ్మకు లేసే తాకతే ఉంటే, నువ్వు బంగ్ల మీదున్నవని తెలిసి ఎవ్వలు పిలువకున్నా లేసేది. నువ్వు పిలువనందుకు పోలే. ఇగ ఎన్నడు రాదు."

పిల్ల ముఖం ముడుచుకుపోయింది. నోరంతా తెరిచి, వీధి దద్దరిల్లేలా ఏడ్చింది. తల్లి పోయాక అది గొంతెత్తి ఏడవడం అదే మొదలు. రాజేశ్ ఇక కౌన్సిలరమ్మ చెప్పినవన్నీ మరిచిపోయి, తిమ్మిరి కాళ్లతో ఇసుకలో పాక్కుంటూ వచ్చి కూతుర్ని గుండెకు అదుముకున్నాడు. నల్లా నీళ్ల చప్పుడు చాటున కాకుండా, అందరి ముందూ, పెద్దగా ఏడ్చాడు. భూమేష్ పెట్టిన మీసాల దిష్టిబొమ్మ వాళ్లిద్దరి మీదికీ ఒరిగింది. దాన్ని పక్కకు తీసేయాలని కూడా ఎవరికీ తోచలేదు.

చాలాసేపటికి దీక్షిత ముక్కు తుడుచుకుని తండ్రి ఒళ్లోంచి జరిగింది. గ్లాసు ఇంటి మీదున్న చిన్న కొమ్మును తీసి, దారి మీద కుండ పట్టుకున్న బాపుకూ తాతకూ నడుమ నిలబెట్టింది. "నేను గూడ వస్తున్న," అంది. ఆ తర్వాత పుల్లలను రెండు చేతులతో పైకెత్తి, ఊరేగింపును మలుపు దాటించింది. దారి చాలకపోతే నీలవ్వ తన అరచేత్తో ముందున్న ఇసుకను చదును చేసి ఇచ్చింది.

"అన్నా," అంది నీలవ్వ, తల ఎత్తకుండానే. "యేడాది మాసికానికి పిల్లను గూడ మన నడుమ కూసుండవెట్టుండ్రి. దాస్తే ఊకోను."

"గట్లనే చెల్లే. మరి నువ్వు పిల్లను..."

"దాన్నేడికి తీస్కపోత? నేనే వస్తుంట," అంది ఆమె. తన కొంగుతో రాజేశ్ ముఖానికి అంటిన ఇసుక తుడిచి, "తల నేను దువ్వుత గానీ, గా బిగువేంది కొడుకా, పిల్ల కండ్లు పోవా?" అని కసిరింది.

"నొస్తది బాపూ," అంది దీక్షిత. "రోజు నొస్తది."

జనం ఒక్కొక్కరే చెప్పుల చప్పుడు కాకుండా జారుకున్నారు. భూమేష్ దారం ఉండ చుట్టుకుని, ఏమీ అడగకుండా వెళ్లిపోయాడు. వసుమతి గంగాదాస్ ఇంటి గుమ్మంలో కూర్చుని ఇంకా తమ డాబా వైపే చూస్తోంది. అంతలో లక్ష్మీనర్సయ్య జేబులో ఫోను మోగింది. మార్కెట్ నుంచి ఎవరో రైతు. "సేటూ, గంగాదాస్ పటేలు ఇంట్ల పెండ్లి ఎప్పుడట? నీకు తెల్వకుంట ఉంటదా?" అని అడుగుతున్నాడు.

లక్ష్మీనర్సయ్య ఇసుక వైపు చూశాడు. "నాకు తెల్వదు," అన్నాడు.

ఇన్నేళ్ల కమీషన్ వ్యాపారంలో చేతికొచ్చిన కబురును ఆయన ఎవరికీ అమ్మకుండా ఆపేయడం అదే మొదలు.